బాపు వంతు చాయ

మా అవ్వను లక్సెట్టిపేటలో మట్టి చేసిన తరువాత జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. చెవి మీదుగా బుగ్గ దాకా సన్నటి మైకు తగిలించుకున్న కుర్ర పాస్టరు గారొకరు లేచి, "అమ్మగారు మౌన ప్రార్థనాపరురాలు. భర్త గారి సేవ వెనుక నోరు విప్పకుండా నీడలా నిలబడిన తల్లి" అన్నారు. నేను ముందు వరుసలో, తెల్లచీరలో, పెద్దకూతురి హోదాలో కూర్చుని ఉన్నాను. నవ్వు ఆగక చెంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడుస్తున్నాననుకుని పక్కనున్నావిడ నా వీపు నిమిరింది. మా అవ్వ నోరు విప్పకపోవడమేమిటి! అవ్వ నోరు విప్పితే ఉట్నూరు అంగట్లో ఎడ్లు బెదిరేవి. అయినా ఆ పిల్లవాడిని అనడానికేం లేదు. అతనికి అవ్వ తెలిసింది చివరి రోజుల్లో, మంచంలో, మాట పడిపోయాక. ఏ మాత్రం వీలున్నా అవ్వ మట్టిలో నుంచి లేచొచ్చి, "ఎవలు జెప్పిన్రు రా నీకు గా ముచ్చట?" అని అడిగి మళ్ళీ పోయి పడుకునేది.

కూడిక అయ్యాక భోజనాల దగ్గర, ఎక్కడో ఉట్నూరు అవతలి పల్లె నుంచి వచ్చిన ముసలావిడ ఒకతె నా చేతిలో కాగితం గ్లాసు పెట్టి, ముఖంలోకి వంగి చూసింది. "నువ్వు గా చాయపిల్లవు గాదూ? అయ్యగారి బిడ్డవు?" అంది. అవునన్నాను. "గప్పుడు మా ఇంట్ల గ్లాసు మీద గ్లాసు తాగినవ్ బిడ్డా. గీ పొల్లకు గింత చాయ పిచ్చేందని మా అత్త పరేషాన్ అయింది" అని నోరంతా తెరిచి నవ్వింది. పళ్ళు లేని నవ్వు. నాకు చాయ పిచ్చి ఎన్నడూ లేదని, నిజం చెప్పాలంటే దాని వాసన పడేది కాదని, నేను తాగింది మా బాపు వంతు చాయ అని ఆమెకు అప్పుడైనా చెప్పాల్సింది. చావు ఇంట్లో అంత పొడుగు కథ ఎవరు వింటారు? అందుకే ఇక్కడ చెబుతున్నాను.

బాపు పాస్టరు. ఉట్నూరు చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న చిన్న సంఘాలు ఆయన చేతి కింద ఉండేవి. కొన్నింటికి గుడి ఉండేది, కొన్నింటికి వేపచెట్టు ఉండేది, ఒకదానికి సామేలు తాత వాళ్ల పశువుల కొట్టం ఉండేది. ప్రసంగం నడుమ బర్రె అరిస్తే బాపు ఆగి, అది ముగించాక మొదలుపెట్టేవాడు. ఆదివారం ప్రసంగం ఆయన పనిలో చిన్న ముక్క. అసలు పని ఇండ్లు తిరగడం. సాయంత్రం పొలాల నుంచి మనుషులు వచ్చే వేళకు సైకిలు మీద చేరుకునేవాడు. గొంగడి పరిస్తే కూర్చునేవాడు. ఆ ఇంటి జ్వరం, ఆ ఇంటి అప్పు, దుబాయి పోయి ఉత్తరం రాయని కొడుకు, పాలివ్వని మేక, అన్నీ వినేవాడు. విన్నవన్నీ ఒక్కటి మరవకుండా దేవుడికి ఒప్పజెప్పేవాడు. ఆమేన్ అనగానే చాయ వచ్చేది. గ్లాసు నిండా, బెల్లం దట్టించి, కొన్ని ఇండ్లలో మేకపాలతో.

ఆ చాయ వట్టి మర్యాద కాదు. బాపు తిరిగేవి ఎక్కువగా ఊరి చివరి ఇండ్లు. వాళ్ల చేతి నీళ్లు ముట్టనివాళ్లు ఆ ఊళ్లలో అప్పటికి చాలామందే ఉన్నారు. అలాంటి ఇంటికి అయ్యగారు వచ్చి, వాళ్ల గ్లాసు అందుకుని, అడుగు కనబడేదాకా తాగితే అది ఆ ఇంటికి పండుగ. ప్రార్థన కాస్త పొట్టిగా చేసినా ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు గాని, చాయ తాగకుండా లేచిన పాస్టరును ముసలమ్మలు చచ్చేదాకా మరిచేవారు కాదు. బాపుకు ముందున్నాయన కడుపులో మంట అని చాయ మానేశాడట. ఆయన ఎంత గొప్పగా ప్రసంగించేవాడో ఎవరికీ గుర్తులేదు. "చాయ తాగని అయ్యగారు" అంటే మాత్రం అందరికీ తెలుసు.

బాపుకు చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి గుండె లోపల ఏదో చెడిందట. అది ఏండ్ల తరబడి ఊరికే ఉండి, నేను బళ్లో పెద్ద తరగతులకు వచ్చిన రోజుల్లో తల ఎత్తింది. మొదట్లో ఎవరికీ అర్థం కాలేదు. ప్రసంగం మధ్యలో ఊపిరి అందక ఆగిపోతే, అయ్యగారు దేవుని ప్రేమ తలచుకుని కదిలిపోయారనుకుని ఆడవాళ్లు కొంగులు తడుపుకునేవారు. బాపు ఎంత ఆయాసపడితే ఆ ఆదివారం ప్రసంగం అంత బాగుందనేవారు. తరువాత పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం మానేశాయి. పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. అప్పుడు అవ్వ ఆయన్ని కరీంనగర్ దవాఖానకు లాక్కుపోయింది. అక్కడి పెద్ద డాక్టరు గుండె అలిసిపోయిందని, ఒంట్లో నీరు చేరుతోందని చెప్పాడు. రోజు మొత్తానికి ఒక్క చెంబు నీళ్లు, ఉప్పు పూర్తిగా బంద్, సైకిలు తొక్కొద్దు, గట్టిగా మాట్లాడొద్దు. "కూర్చుంటే కొన్నేండ్లు బతుకుతారు. ఇట్లనే తిరిగితే నేను చెప్పలేను" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని బాపు ఆ మాటలను వకీలులా ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. "సైకిల్ తొక్కద్దన్నడు. ఎక్కి కూసోవద్దనలే గదా?"

"ఏమయ్య, నువ్వు పాస్టరువా, పట్వారివా?" అంది అవ్వ. "గా డాక్టర్ జెప్పింది నీకు ఇనవడ్డదా లేదా? నాకు నువ్వు గావాలె. నీ సేవ నాకద్దు."

"నేనూ సేవా వేరేనానే?"

"వేరే. మస్తు వేరే. సేవకు ఇంకొకలు వస్తరు. నాకెవలొస్తరు?"

బస్సులో అందరూ వింటున్నారు. బాపు కిటికీ లోంచి గోదావరిని చూశాడు.

ఆ మరునాటి నుంచి మా ఇంట్లో అవ్వ రాజ్యం నడిచింది. పొద్దున లేవగానే బాపు కాలు చాపాలి. అవ్వ తన బొటనవేలు ఆయన మోకాటి కింది ఎముక మీద గట్టిగా అదిమి పట్టి తీసేది. గుంట పడి వెంటనే పూడితే ఫరవాలేదు, తిరగొచ్చు. గుంట అట్లాగే ఉండిపోతే ఆ రోజు గడప దాటడం లేదు. కలెక్టరు దస్కతు కంటే ఆ బొటనవేలుకు ఎక్కువ విలువ ఉండేది. కొన్నాళ్లకు బాపు దానికీ ఉపాయం కనిపెట్టాడు. తెల్లవారకముందే లేచి, గోడకు కాళ్లు ఎత్తిపెట్టి, నీరు దిగేదాకా వెల్లకిలా పడుకునేవాడు. పడుకుంటే ఊపిరాడదు, కాళ్లు దించితే గుంట పూడదు. రెంటి నడుమ ఆయన పడే అవస్థ చూసి నేను నవ్వితే, పెదవుల మీద వేలు పెట్టి బతిమాలేవాడు. అంతా అయ్యాక అవ్వ వచ్చి, అదిమి చూసి, "కాళ్లు దించి జరసేపు కూసో. మల్ల జూస్త" అనేది. అవ్వను మోసం చేయడం దేవుడి వల్ల కూడా అయ్యేది కాదని నా నమ్మకం.

ఉప్పు సంగతి ఇంకా దారుణం. రెండు కూరలు వండే ఓపిక తనకు లేదని, మొగుడు చప్పిడి తింటుంటే పక్కన కూర్చుని ఉప్పు తినే మొగోళ్లూ ఆడోళ్లూ ఈ ఇంట్లో లేరని అవ్వ తేల్చేసింది. అందరికీ చప్పిడే. చప్పిడి పప్పు, చప్పిడి బీరకాయ, ఉప్పు లేని మామిడికాయ పులుసు. ఉప్పు లేని పులుసు తిన్నవాళ్లకు నరకం గురించి వేరే చెప్పనక్కర్లేదు. బాపు ఆ గిన్నెల ముందు కళ్లు మూసుకుని మామూలు కంటే పొడుగ్గా ప్రార్థన చేసేవాడు. అవ్వ ఓపిక పట్టి పట్టి, "ఎంతసేపు జేసినా అండ్లకు ఉప్పు రాదు. తిను" అనేది. ఒక ఆదివారం బాపు ప్రసంగానికి ఉప్పు గురించిన వాక్యం తీసుకున్నాడు. ఉప్పు లేనిదే లోకానికి రుచి లేదని, చప్పబడిన దాన్ని బయట పారేస్తారని, ఆడవాళ్ల వైపు చూస్తూ చాలాసేపు చెప్పాడు. ఆ రోజు మధ్యాహ్నం కూర మరీ చప్పగా ఉంది. కారం కూడా వేయలేదు.

ఇక చాయ. ఇండ్లు తిరగకుండా బాపును ఆపడం తన వల్ల కాదని అవ్వకు త్వరలోనే తెలిసిపోయింది. సామేలు తాత సైకిలు నెడుతుంటే, బాపు సీటు మీద పెండ్లికొడుకులాగా కూర్చుని పోయేవాడు. తొక్కలేదు గదా! అయితే పోయిన ప్రతి ఇంట్లో ఒక గ్లాసు తాగితే, డాక్టరు చెప్పిన చెంబెడు మొదటి వీధిలోనే అయిపోతుంది. తాగకపోతే ఆ ఇంటి పరువు పోతుంది. అవ్వ రెండు రోజులు ఆలోచించి నన్ను పిలిచింది. "రేపటి సంది బడి ఇడవంగనే బాపు వెంబడి పో. చాయ వస్తే నువ్వు తాగు. గ్లాస్ గిన బాపు మూతికి అందిందో, నీ ఈపు సాపు జేస్త."

"నేను తాగితే ఆళ్లు ఊకుంటరా అవ్వ?" అన్నాను.

దీనికి తీర్పు సామేలు తాత ఇచ్చాడు. ఆయన సంఘపెద్ద. ఆయన మాటంటే ఆ పల్లెల్లో మాటే. గడ్డం గోక్కుని, "బిడ్డ తాగితే అయ్యగారు తాగినట్టే. ఒక్కటే రక్తమాయె" అన్నాడు. అంతే, ఆ తీర్పు సైకిలు కంటే ముందు పల్లెలన్నీ తిరిగింది. బాపు ఆమేన్ అనగానే గ్లాసు నా చేతికి వచ్చేది. ఇంటివాళ్లందరూ చుట్టూ కూర్చుని నేను తాగడం చూసేవారు. చివరి గుక్క దాకా చూసేవారు. గ్లాసు అడుగు కనబడితే ఇంటావిడ ముఖం వెలిగేది, కొందరు ఇంకో గ్లాసు తెచ్చేవారు. బాపు పక్కన కూర్చుని, వచ్చే ఆవిరి పీల్చుకుంటూ, "ఎట్లున్నది బిడ్డా? అల్లం ఏసిన్రా?" అని మెల్లగా అడిగేవాడు. ఆ గొంతులో ఆశ వింటే జాలేసేది. ఒక్క గుక్క ఇద్దామనిపించేది. అవ్వ చెయ్యి గుర్తొచ్చి నేనే తాగేసేదాన్ని. తిరుగుదారిలో నా కడుపు కుండలా ఊగేది. పొదలు కనబడ్డ చోటల్లా సైకిలు ఆపించేదాన్ని. అక్కడ బాపుకు ఓపిక చాలా ఎక్కువ. ఒంట్లో నీరు దిగడానికి డాక్టరిచ్చిన మాత్రలు మింగుతున్నవాడు గనుక ఆ కష్టం ఆయనకు బాగా తెలుసు. నేను ఒక పొద వైపు, ఆయన ఒక పొద వైపు పోయేవాళ్లం. సామేలు తాత రోడ్డు మీద సైకిలు పట్టుకుని ఆకాశం చూసేవాడు.

అట్లా వేసవి వచ్చింది. నాకు పరీక్షలు వచ్చాయి. పరీక్షల్లో చాయ తాగడానికి పోవడం కుదరదని అవ్వ ఒప్పుకుంది. మా వీధిలోనే ఉండే ఖాదర్ చాచా ఉట్నూరు నుంచి పల్లెలకు జీపు నడిపేవాడు. ఆ జీపులో ఎందరు పడతారన్నది ఎక్కే వాళ్ల ఇష్టం. అవ్వ ఆయనతో అన్ని ఊళ్లకూ కబురు పంపింది. "అయ్యగారికి చాయ బంద్. డాక్టర్ ఆర్డర్. ఎవలన్న చాయ పోస్తే నేనే అచ్చి అడుగుత" అని. ఖాదర్ చాచా జీపు ఆపిన చోటల్లా, "సునో భాయ్! పాస్టర్ సాబ్‌కు చాయ బంద్! అక్క మస్తు గుస్సల ఉన్నది!" అని అరిచి చెప్పాడు. పల్లెలు తలవంచి ఒప్పుకున్నాయి. ఏ ఒక్క ఇంట్లోనూ బాపుకు చాయ చుక్క పోయలేదు. అమ్మగారి మాట ఎవరూ జవదాటలేదు. చాయకు బదులు సల్ల పోశారు.

అవును మరి, చాయే కదా వద్దన్నది! ఎండ మండిపోతోంది, అయ్యగారు గుండె జబ్బుతో అంత దూరం వచ్చాడు, వట్టి నోటితో ఎట్లా పంపుతారు? ఒక ఇంట్లో ఉప్పేసి చిలికిన సల్ల. ఒక ఇంట్లో జొన్న అంబలి, దాంట్లోనూ ఉప్పే. ఒక ఇంట్లో పాలు. కొత్తగా సంఘంలో చేరిన ఒకాయనైతే, కల్లు కాదు నీరా అని ఒట్టు పెట్టి మరీ ముంత నింపాడట. బాపు ఇంటికి వచ్చి, "ఒక్క సుక్క చాయ ముట్టలేదే. సామేలునడుగు" అని చిన్నపిల్లవాడిలా చెప్పేవాడు. అది నిజమే. సామేలు తాత కూడా నిజమేనని తల ఊపేవాడు. ఇద్దరూ పెద్దమనుషులు, ఇద్దరూ అబద్ధం ఆడరు. ఎన్నాళ్లుగానో దాహంతో ఉన్న మనిషి ఆ వారమంతా కడుపునిండా తాగాడు. ఆ వారం బాపు మహా సంతోషంగా ఉన్నాడు. ఇంట్లో పాటలు కూడా పాడాడు.

తరువాత ఒక పొద్దున అవ్వ బొటనవేలు అదిమి తీస్తే గుంట పడింది. అవ్వ చూస్తూ కూర్చుంది. గుంట పూడలేదు. పైన తొడ మీద అదిమింది, అక్కడా పడింది. బాపు మాట్లాడబోతే మాటకూ మాటకూ నడుమ ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చింది. సామేలు తాతను పిలిపించి అడిగితే ఆయన పాపం ఏమీ దాచకుండా, సల్ల, అంబలి, పాలు, నీరా అని గర్వంగా చెప్పుకొచ్చాడు. "చాయ మాత్రం ఇయ్యనియ్యలే అమ్మగారూ, నేను కావలి ఉన్న" అన్నాడు. అవ్వ ఖాదర్ చాచాకు కబురు పెట్టింది. చాచా జీపు నిండా ఎక్కిన మనుషులను అక్కడికక్కడే దించేసి వచ్చాడు. "అక్కా, ఫికర్ జెయ్యకు. మధ్యాన్నం కల్ల కరీంనగర్ల ఉంటం" అన్నాడు. జన్నారం అడవి దాటి, గోదావరి వంతెన దాటి పోతుంటే బాపు ముందుకు వంగి కూర్చుని ఒక్కొక్క ఊపిరి ఏరుకుంటున్నాడు. అవ్వ ఆయన వీపు పట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. నాకు అప్పుడు నిజంగా భయం వేసింది.

ఆ గండం గడిచింది. డాక్టరు సూదులేసి, లోపల చేరిన నీళ్లన్నీ తోడి, ఇక గడప దాటితే తన దగ్గరికి తీసుకురావద్దన్నాడు. బాపు ఈసారి వకీలు పని చేయలేదు. ఇంటికొచ్చి, వరండాలో కుర్చీ వేసుకుని, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. సామేలు తాత వస్తే సైకిలు వైపు చూసేవాడు. ఎవరో ఒకరు ఎక్కడో జ్వరంతో ఉన్నారని తెలిస్తే కుర్చీ పట్టుకుని లేచి, మళ్ళీ కూర్చునేవాడు. పాట మానేశాడు. చప్పిడి కూర మీద ప్రార్థన కూడా గబగబా ముగించేవాడు. అవ్వకు ఆ పొట్టి ప్రార్థన నచ్చలేదు. కాలి మీద గుంట పడటం లేదు, మనిషి మాత్రం రోజు రోజుకూ తగ్గిపోతున్నాడు. ఒక మధ్యాహ్నం బియ్యం చెరుగుతూ చెరుగుతూ చాట కింద పడేసి, "నడుస్తె ఒక తీరు సస్తడు, కూసుంటె ఒక తీరు సస్తడు. ఏం జెయ్యమంటవ్ నన్ను?" అంది. నన్ను కాదు. పైకి చూసి అంది.

మరునాడు ఖాదర్ చాచా జీపు మళ్ళీ కబురు మోసింది. అయ్యగారు ఇక ఇండ్లకు రారు, ఇండ్లే అయ్యగారి దగ్గరికి రావాలి, అంగడి రోజు, పొద్దు నెత్తి మీదికి రాకముందే. అంగడికి పల్లెలన్నీ ఎట్లాగూ ఉట్నూరు వస్తాయి. మొదటి వారం పదిమంది వచ్చారు, తరువాత వరండా చాలలేదు. కోళ్లతో, మేకలతో, గంపలతో వచ్చి కూర్చునేవారు. అవ్వ అన్నం వండే గంజులో చాయ కాచి అందరికీ పోసేది. ఆ గ్లాసులు అయ్యగారి ఇంట్లో, అయ్యగారి భార్య చేతి నుంచి అందుకుని తాగడంలో వాళ్లు ఏం చూసుకున్నారో గాని, ఎవరూ అంగట్లో చాయ తాగి వచ్చేవారు కాదు. వచ్చినవాళ్లను వరుసలో కూర్చోబెట్టేది కూడా అవ్వే. "ముంగట జెరమోళ్లు రాండ్రి. పొలం పంచాయితీలు ఎన్కకు. ఓ మల్లయ్య, నీ కోడలు ముచ్చట పోయిన వారం జెప్పినవ్ గదా, దేవునికి యాదికున్నది, లే!" అనేది. "అయ్యగారికి ఊపిరి తక్కువున్నది, కథ పొడుగు జెయ్యకుండ్రి" అని మాటిమాటికీ హెచ్చరించేది. బాపు వాళ్ల తల మీద చెయ్యి పెట్టి నాలుగు మాటలు మెల్లగా చెప్పేవాడు, అంతకు మించి ఊపిరి ఉండేది కాదు. ఆయన ముఖంలోకి మళ్ళీ రక్తం వచ్చింది. నాకు కూడా చాయ ఉద్యోగం పోయింది.

ఇప్పుడు నాకు బీపీ ఉంది. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినప్పుడల్లా నాలుక మీద ఆ చప్పిడి పులుసు మెదిలి ఒళ్లు జలదరిస్తుంది. ఈ రోజుల్లో అయితే బాపు గుండెలో ఆ చెడిన ముక్క మార్చి వారంలో ఇంటికి పంపేవారట. నర్సుగా చేస్తున్న మా మనుమరాలు చెప్పింది. విన్నప్పుడు సంతోషమూ కలిగింది, కోపమూ వచ్చింది. ఎవరి మీద కోపమో తెలియదు. ప్రార్థనలు ఇప్పుడు ఫోనులోకి వచ్చాయి. గ్రూపులో ఎవరో తల్లికి బాగాలేదని పెడితే, రెండు చేతులు జోడించిన బొమ్మలు వరుసగా వచ్చి పడతాయి. నేనూ పెడతాను. వంట చేస్తూనే పెట్టొచ్చు, సులువు. ఎవరి ఇంటికీ పోనక్కర్లేదు, ఎవరి చాయా తాగనక్కర్లేదు. అందులో తప్పేముందని నన్ను నేను అడుగుతుంటాను. తప్పేమీ లేదు. కానీ ఆ బొమ్మలు చూసి ఏ ముసలమ్మ ముఖమైనా వెలిగిందో లేదో మాత్రం తెలియదు.

బాపు ఆ వరండాలో మరుసటి వానాకాలం దాకా కూర్చున్నాడు. డాక్టరు అన్నదానికంటే తక్కువే, అవ్వ అడిగినదానికంటే చాలా తక్కువ. కరీంనగర్ దవాఖానలోనే పోయాడు. ఉట్నూరులో మట్టి చేశాము. ఖాదర్ చాచా ఆ రోజు జీపు కిరాయికి తిప్పలేదు. సామేలు తాత సైకిలు పట్టుకుని గోతి పక్కన నిలబడ్డాడు. అవ్వ ఏడవలేదు, తిట్టలేదు. ఇంటికొచ్చి చాయ గంజు తోమి బోర్లించింది. ఆదివారం గుడికి రాలేదు. వచ్చే నెల కొత్త పాస్టరు వస్తాడు, ఇల్లు ఖాళీ చేయాలి. సామాను మూట కడుతూ, పాటల పుస్తకాలు ఒక్కటొక్కటే బస్తాలో విసిరింది. అవ్వ ఎన్నడూ పైకి ప్రార్థన చేసేది కాదు. ఎవరైనా అడిగితే, "గుళ్ల నోరు ఆయనది, ఇంట్ల నోరు నాది" అనేది. ఇప్పుడు ఇంట్లో కూడా నోరు లేకుండా పోయింది. ఇట్లా ఎన్నాళ్లుంటుందోనని నాకు దిగులుగా ఉండేది.

అంగడి రోజు వచ్చింది. దగ్గరి పల్లెలకు సంగతి తెలుసు గనుక ఎవరూ రారని అవ్వ తలుపు వేసుకుంది. కొంతసేపటికి వరండాలో కోడి అరిచింది. తలుపు తీస్తే పోశవ్వ అనే ఆమె, వాగు అవతలి ఊరామె, మనుమరాలిని ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. ఆమె వెనుక అదే ఊరి ముసలాయన ఒకడు. వాగు పొంగి వారం రోజులుగా ఆ ఊరికి దారి లేదు, ఆ పొద్దున కాస్త తగ్గితే దాటి వచ్చారు. వాళ్లకు ఏమీ తెలియదు.

"అయ్యగారింక లేవలేదా అమ్మగారూ?" అంది పోశవ్వ.

"లేవడు పోశవ్వా. పోయిండు" అంది అవ్వ.

పోశవ్వ శోకం తీసింది. అవ్వ గడప మీద నిలబడి చూసింది. శోకం తగ్గాక పోశవ్వ కళ్లు తుడుచుకుని, పిల్లను చూపించింది. "జెరం దిగుతలేదమ్మా. సర్కారు దవాఖానల గోలీలిచ్చిన్రు. అయ్యగారు చెయ్యి వెడితే తీస్కపోదామని అచ్చిన. మరిప్పుడు గీ పొల్లకు ఎవలు జేస్తరు?"

"కొత్తాయన వస్తడు. ఆయన జేస్తడు."

"ఆయన అచ్చేదాక జెరం ఆగుతదా? నువ్వు జెయ్యమ్మా."

"నాకు రాదు."

"నీకు మాట్లాడరాదా?" అంది పోశవ్వ, అమాయకంగా.

అవ్వ గడప దిగి వచ్చింది. తరువాత కింద కూర్చుని, కాలుతున్న ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. కళ్లు మూయలేదు. పైకప్పు వైపు చూస్తూ, అంగట్లో బేరం ఆడే గొంతుతోనే మొదలుపెట్టింది.

"ఏమయ్య దేవా, ఆయనను తీస్కపోయినవ్. ఎంత బతిమిలాడిన, ఇనలే. నీ మీద నాకు మస్తు కోపమున్నది. గా ముచ్చట నువ్వూ నేనూ తర్వాత తేల్సుకుందాం, నేనెక్కడికి పోను, నువ్వెక్కడికి పోవు. గిప్పుడు గీ పొల్ల సంగతి జూడు. వాగు దాటి అచ్చిన్రు. ఉత్త చేతులతోని పంపకు. ఇనవడ్డదా? ఆమేన్."

పోశవ్వ ఆమేన్ అంది. వెనుక కూర్చున్న ముసలాయన ఇదంతా నోరు తెరిచి విన్నాడు. మెల్లగా పిరుదుల మీద ముందుకు జరిగి, పంచె మోకాళ్ల పైకి లాక్కున్నాడు.

"అమ్మగారూ, నా మోకాళ్లకు గూడ జర గిట్లనే గట్టిగ అడుగు. అయ్యగారు పాపం శాన మెత్తగ అడుగుతుండె" అన్నాడు.

అవ్వ నవ్వింది. బాపు పోయాక మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపుగా మారిపోయి, ఇన్నాళ్లుగా రానిదంతా ఒక్కసారిగా వచ్చింది. ముసలాయన భయపడి పంచె దించుకోబోయాడు. అవ్వ ఏడుస్తూనే ఆయన చెయ్యి ఆపి, "ఉండు, ఏడికి? ఏ మోకాలు?" అంది.